కార్డు చూపినవారికి కాగితం అడిగే హక్కు

(పట్టణంలోని మస్జిద్ కమిటీలు కలిసి షాదీఖానాలో ఏర్పాటు చేసిన అవగాహన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘ప్రతి ముస్లిం కుటుంబం వద్ద ఉండవలసిన గుర్తింపు కార్డులు’. ఆ జాబితా చదివి దిగిపోవడానికి పది నిమిషాలు చాలు. ఆ జాబితా మీకు నాకంటె బాగా తెలుసునని కూడా నాకు తెలుసు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చిన తరువాత జనన ధృవపత్రాల కోసం మునిసిపల్ కార్యాలయాల ముందు వరుసలు కట్టినవారిలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇనుప ట్రంకు పెట్టెలో, బియ్యం డబ్బా వెనుక, ప్లాస్టిక్ కవరులో చుట్టి కార్డులు దాచుకోవడం మన ఇళ్ళలో ఇవాళ కొత్త సంగతి కాదు. రాత్రిపూట బయటికి వెళ్ళే కొడుకును ‘అన్నం తిన్నావా’ అని అడిగే తల్లి, ఇప్పుడు ‘ఆధార్ పెట్టుకున్నావా’ అని కూడా అడుగుతున్నది. ఆ ప్రశ్న వెనుక ఉన్న భయాన్ని నేను తేలికగా తీసుకోను.

అయితే ఆ భయం మనకు సగం పాఠమే నేర్పింది. గుర్తింపు ఒకవైపు నుంచి మాత్రమే జరిగే వ్యవహారం కాదు. ప్రభుత్వం ‘నీవెవరు’ అని అడిగినప్పుడు, ‘అడుగుతున్న మీరెవరు, ఏ చట్టం కింద అడుగుతున్నారు, నేనిచ్చిన జవాబుకు రసీదు ఏది’ అని అడిగే హక్కు పౌరునికి చట్టమే ఇచ్చింది. మనం కార్డు చూపడం నేర్చుకున్నాం. కాగితం అడగడం నేర్చుకోలేదు. ఈ రెండవ సంగతి గురించే ఈరోజు ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందుగా ఆధార్ గురించి రెండు మాటలు. 2016 ఆధార్ చట్టం ప్రకారం అది నివాసికి ఇచ్చే సంఖ్య. దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు ఈ దేశంలో ఉన్నవారెవరైనా దానికి అర్హులు. అదే చట్టంలోని 9వ సెక్షను, ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని స్పష్టంగా చెబుతున్నది. మనలో చాలామంది ఆ మాట వినగానే కంగారుపడతారు. కానీ ఆ సెక్షను రెండు వైపులా పదునున్న కత్తి. ఆధార్ చూపి నేను పౌరుడినని నిరూపించుకోలేనట్లే, ఆధార్‌లో తప్పు చూపి నీవు పౌరుడివి కావని ఎవరూ అనలేరు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం నుంచి 127 మందికి నోటీసులు వెళ్ళాయి. మీరు భారత పౌరులని రుజువు చేసే అసలు పత్రాలతో విచారణకు రండి అన్నది వాటి సారాంశం. ఆధార్ ఇచ్చే సంస్థకు పౌరసత్వంతో ఏమి పని అని న్యాయవాదులూ పత్రికలూ ప్రశ్నించాక, ఆధార్‌కు పౌరసత్వంతో సంబంధం లేదనీ, తప్పుడు పత్రాలతో ఆధార్ పొందారన్న పోలీసుల నివేదికపై మాత్రమే నోటీసులిచ్చామనీ ఆ సంస్థ వివరణ ఇచ్చి, విచారణ తేదీని వాయిదా వేసింది. నోటీసు అందుకున్నవారిలో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. అతడు దానిని భయపడి చించివేసి ఉంటేనో, ఎవరికీ చెప్పకుండా ఇంట్లో దాచి ఉంటేనో ఏమి జరిగేదో ఆలోచించండి. అతని చేతిలో నోటీసు కాగితం ఉన్నది కనుకనే, ‘ఈ ప్రశ్న అడిగే అధికారం నీకు లేదు’ అని ఇతరులు చెప్పగలిగారు. అధికారి నోటితో అన్న మాటకు చిరునామా ఉండదు. అతడు రాసి ఇచ్చిన కాగితానికి ఉంటుంది.

ఇక మన పేర్ల సంగతి. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నా వద్దకు వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతున్నాయి.

మన పేర్లు అరబ్బీలో, ఫార్సీలో పుట్టి, ఉర్దూలో పెరిగి, తెలుగు నోట నలిగి, ఇంగ్లీషు అక్షరాల్లో కార్డుకు ఎక్కుతాయి. ఈ ప్రయాణంలో ప్రతి మజిలీ వద్ద ఒక అక్షరం జారిపోతుంది. ఫాతిమా పల్లెలో పాతిమా అవుతుంది. హుస్సేన్‌బీ ఉసేన్‌బీ అవుతుంది. ఖ్వాజా ఖాజా అయి, కాజా అయి, అంగన్‌వాడీ రిజిస్టరులో మరొకటి అవుతుంది. మహమ్మద్ అన్న పవిత్రమైన పేరును ఎం.డి. అని రెండు పొడి అక్షరాలుగా కుదించిన గుమస్తా ఎవరో గానీ, ఆ రెండక్షరాల వల్ల ఎందరి పాస్‌పోర్టులు ఆగాయో లెక్కలేదు. షేక్ అన్న మాటనే తీసుకోండి. ఇంగ్లీషులో దానికి నాలుగైదు వర్ణక్రమాలున్నాయి. పైగా ఎస్.కె. అని కుదించే అలవాటు ఉంది. కోస్తాలో తండ్రి కార్డులో ఎస్.కె. మస్తాన్ వలి, కొడుకు టి.సి.లో షేక్ మస్తాన్‌వలీ, బ్యాంకు పుస్తకంలో మస్తాన్ వలి షేక్. ముగ్గురూ ఒక్కరే. కంప్యూటరుకు మాత్రం ముగ్గురు మనుషులు.

దీనికి తోడు మన పేర్లలో మన ఊళ్ళ చరిత్ర ఉంది. నాగూర్ దర్గాకు మొక్కుకున్న తల్లి బిడ్డకు నాగూర్ మీరా అని పెట్టింది. పీర్ల పండగనాడు పుట్టినవాడు పీరయ్య అయ్యాడు. రాయలసీమలో దూదేకుల కుటుంబాల్లో హుస్సేనప్పలు, మాబమ్మలు ఉన్నారు. ‘ఇది ముస్లిం పేరేనా’ అని ఒక కార్యాలయం, ‘ఇది ముస్లిం పేరే కదా’ అని మరొక కార్యాలయం సందేహించే దుస్థితి వారిది. ఈ పేర్లను మార్చుకొమ్మని నేను ఎన్నడూ చెప్పను. అవి మన తాతలు ఈ నేలమీద బతికిన ఆనవాళ్ళు. వాటిని ఒకే తీరున రాయించుకొమ్మని మాత్రం చెబుతాను.

ఎందుకంటే ఆ పేరు మీద రిజర్వేషన్ ఆధారపడి ఉంది. 2007 చట్టం బి.సి.–ఇ కింద 14 ముస్లిం సామాజిక వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. షేక్‌లు అందులో ఉన్నారు. సయ్యద్‌లు, మొగల్‌లు, పఠాన్‌లు లేరు. దూదేకులవారు అంతకుముందు నుంచే బి.సి.–బి లో ఉన్నారు. కనుక ఒక విద్యార్థి టి.సి.లో షేక్ అన్న మాట జారిపోతే, కులధృవీకరణ పత్రం కోసం తహసీల్దారు కార్యాలయంలో వాడు పడే పాట్లు మీలో చాలామంది చూశారు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ తేదీ దాటిపోయిన పిల్లలను నేనూ చూశాను.

పేరుతో పోలిక ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి ఒక్క ఉదంతం చెబుతాను. తెలంగాణలో 19 లక్షలకు పైగా రేషన్ కార్డులు, ఇంటికి వచ్చి విచారించకుండా కంప్యూటర్ లెక్కల ఆధారంగా రద్దయ్యాయి. వాటన్నిటినీ క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. అలా కార్డు పోగొట్టుకున్నవారిలో హైదరాబాద్‌కు చెందిన ఒక వృద్ధ వితంతువు ఉన్నది. ఆమె భర్త రిక్షా తొక్కి బతికినవాడు. వేర్వేరు శాఖల సమాచారాన్ని జతపరిచే ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ, ఇంచుమించు అదే పేరున్న ఒక కారు యజమానిని ఆమె భర్తగా గుర్తించింది. కారున్న ఇంటికి బియ్యం ఎందుకని కార్డు తీసివేసింది. సయ్యద్, అలీ, హుస్సేన్, అహ్మద్ వంటి పదిపన్నెండు పేర్లను అటూ ఇటూ కలిపి పెట్టుకునే సమాజంలో, ఇటువంటి పొరపాటు ఎన్ని ఇళ్ళకు తగలవచ్చో మీరే ఊహించుకోండి. పరాయి కారు తనది కాదని నిరూపించుకొనే భారం బియ్యం లేని ముసలమ్మ మీద పడింది!

ఇక్కడ నా ప్రశ్న కంప్యూటర్ ఎందుకు తప్పు చేసింది అని కాదు. యంత్రం తప్పు చేస్తుంది, మనిషీ చేస్తాడు. ఆ రద్దుకు ముందు ఆమె చేతికి నోటీసు కాగితం ఎందుకు రాలేదు అన్నదే ప్రశ్న. ‘మీ భర్త పేరున కారు ఉన్నట్టు మా రికార్డు చెబుతున్నది, ఏమంటారు’ అని ఒక్క వాక్యం రాసి ఇచ్చి ఉంటే, పక్కింటి పిల్లవాడు చదివి చెప్పి ఉంటే, ఆ వ్యవహారం ఒక్క పూటలో తేలిపోయేది.

కనుక పేర్ల విషయంలో చేయవలసిన పని చేద్దాం. ఇంట్లో అందరి కార్డులు ఒకచోట పరచి చూడండి. సాధారణంగా పదవ తరగతి మెమో ఉన్నవారికి అదే ఆధారం. లేనివారికి దొరికిన అన్నిటికంటె పాత కాగితం ఆధారం. మిగతావాటిని దానికి సరిపోయేలా దిద్దించండి. తొందరపడి మాత్రం కాదు. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు. పుట్టిన తేదీ ఒక్కసారే. దిద్దించేటప్పుడు అక్షరం అక్షరం మీరే రాసి ఇవ్వండి, తెరమీద మీ కళ్ళతో చూసుకోండి, రసీదు తీసుకోండి. పుట్టిన తేదీ అంటే గుర్తొచ్చింది. పోలీసు చర్యనాటికి నడుస్తున్నానని ఒక నానీ, దివిసీమ ఉప్పెన ఏడాది పెళ్ళయిందని ఒక దాదీ చెబుతారు. నమోదు చేసే కుర్రవాడికి అంత ఓపిక ఎక్కడిది? కార్డుల్ని బట్టి చూస్తే మన పెద్దల్లో చాలామంది జనవరి 1వ తేదీనే పుట్టారు. నవ్వుకోవచ్చు. కానీ పింఛను దగ్గర ఆ నవ్వు ఆగిపోతుంది.

పిల్లల విషయంలో అశ్రద్ధ వద్దు. 1969 జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డకు బడిలో చేరడానికి, ఓటరుగా నమోదు కావడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు జనన ధృవపత్రమే ఆధారం. ఆసుపత్రిలో బిడ్డ పేరు లేకుండా నమోదు చేసి, అఖీఖా తరువాత పేరు చేర్పించడం మరచిపోతున్నాం. ఏడాది లోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు.

కాజీ సాహెబ్‌లకు కూడా ఒక మనవి. నికాహ్‌నామాలో అమ్మాయి పేరు రాసేటప్పుడు బడి కాగితం అడిగి చూడండి. పుట్టింట్లో షబానా అయిన పిల్ల నికాహ్‌లో షబానా బేగం, అత్తవారింటి రేషన్ కార్డులో షబానా బీ, ఓటరు జాబితాలో ఫలానావారి భార్య షబానమ్మ. నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లు ఉన్న స్త్రీ, భర్త పోయిన నాడు ఆస్తికీ పింఛనుకూ ఎక్కడ నిలబడాలి?

ఇది స్త్రీలకు ఎంత ప్రమాదమో అస్సాం చూపింది. అస్సాం మన రాష్ట్రం కాదు, అక్కడి చరిత్ర వేరు, 1971 మార్చి 24 అన్న గడువు తేదీ ఆ రాష్ట్రానికే పరిమితమైనది. అది రేపు ఇక్కడ యథాతథంగా వస్తుందని భయపెట్టడానికి దాని పేరు ఎత్తడం లేదు. కాగితాలతో మనిషిని కొలిచే పని అతి పెద్ద ఎత్తున అక్కడే జరిగింది కనుక దాన్ని చదవాలి. 2019 ఆగస్టు 31న వెలువడిన జాబితాలో 3,11,21,004 మందికి చోటు దొరికింది. 19,06,657 మందికి దొరకలేదు. వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. ముఖ్యంగా గమనించవలసింది, చదువుకోని వివాహిత స్త్రీలకు తండ్రితో సంబంధం చూపే కాగితమే ఉండదు. బడి లేదు, చిన్నతనంలోనే పెళ్ళి, ఓటు వచ్చేది అత్తవారి ఊళ్ళో. వారికి మిగిలింది గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చే ధృవపత్రం ఒక్కటే. దానిని హైకోర్టు చెల్లదంటే, సరిచూసి అంగీకరించవచ్చునని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒక్క కాగితం మీద లక్షలమంది స్త్రీల బతుకు ఆధారపడింది.

అదే అస్సాంలో నల్బారి జిల్లాకు చెందిన ఒక వ్యక్తి కేసు ఉన్నది. పేర్ల వర్ణక్రమంలో, తేదీల్లో స్వల్ప తేడాలున్నాయని ట్రిబ్యునల్ అతడిని విదేశీయుడన్నది. 2024 జులై 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. మన దేశంలో పేర్లు రకరకాలుగా రాయడం, తేదీలు కొంచెం అటూ ఇటూ కావడం సహజమనీ, వాటితో ఒకరి పౌరసత్వం తీసివేయరాదనీ చెప్పింది. మరొక మాట కూడా చెప్పింది. నా దృష్టిలో అదే ప్రధానం. ఎవరినైనా విదేశీయుడని అనుమానించాలంటే అధికారుల వద్ద ఏదో ఒక ఆధారం ఉండాలి, ఆ ఆధారాన్ని అవతలి వ్యక్తికి తెలియజేయాలి, ఊరికే ఆరోపణ చేసి నిరూపించుకో అనరాదు అన్నది. అంటే చట్టం రుజువు భారాన్ని పౌరుని మీద పెట్టిన చోట కూడా, మొదటి కాగితం చూపవలసింది ప్రభుత్వమే. ఆ తీర్పు వచ్చేనాటికి ఆయన మరణించి రెండేళ్ళు దాటిందని తరువాత పత్రికలు రాశాయి.

ఈ న్యాయం కొత్తగా పుట్టింది కాదు. 1990ల తొలినాళ్ళలో ఢిల్లీ, బొంబాయి నగరాల్లో కొన్ని పేటలను ఎంచుకొని, పోలీసుల నివేదికల మీద వేలాది ఓటర్లకు పౌరసత్వం నిరూపించుకొమ్మని నోటీసులిచ్చారు. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఆ చర్యలను రద్దు చేసింది. ఒకసారి ఓటరు జాబితాలో పేరు చేరిందంటే తగిన విచారణ జరిగే చేర్చారని భావించాలి, తీసివేయదలచినవారు కారణం, ఆధారం చూపాలి, అధికారి తన బుద్ధితో నిర్ణయించాలి గాని పోలీసు మాట మీద కాదు అని చెప్పింది. ముప్పయ్యేళ్ళ నాటి ఈ తీర్పు మన కార్యకర్తలకు కంఠస్థం కావాలి.

ఎందుకంటే ఓటరు జాబితాల సవరణ ఇప్పుడు దేశమంతటా నడుస్తున్న చర్చ. 2025లో బీహార్‌లో ప్రత్యేక సవరణ మొదలైనప్పుడు, అడిగిన 11 రకాల పత్రాల్లో ఆధార్ లేదు. ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. ఆ పేర్లను కారణాలతో సహా ప్రకటించమని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించింది. సెప్టెంబరు 8న ఆధార్‌ను 12వ పత్రంగా స్వీకరించమన్నది, అయితే గుర్తింపు కోసమే గాని పౌరసత్వ నిదర్శనంగా కాదు. ‘కారణాలతో సహా’ అన్న ఆ రెండు మాటల విలువ గమనించండి. చనిపోయాడని రాసిన మనిషి, కారణం కాగితం మీద కనబడింది కనుకనే, బతికి ఉన్నానని చెప్పుకోగలడు.

మనకూ ఈ అనుభవం ఉంది. 2015లో ఆధార్‌ను ఓటరు కార్డుకు జతచేసే కార్యక్రమం మొదలై, సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగిపోయింది. ఈలోగా తెలంగాణలో లక్షల పేర్లు తొలగిపోయాయి. 2018 డిసెంబరు 7న పోలింగు కేంద్రాల వద్దకు వెళ్ళి పేరు లేదని తిరిగివచ్చినవారికి ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణ మంచిదే. ఓటు మాత్రం రాలేదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షను కింద, ఇల్లు మారారనో అర్హత లేదనో పేరు తీసివేయాలంటే ఆ వ్యక్తికి తన మాట చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. నోటీసు ఏదని అడిగినవారు ఆనాడు ఎందరు? కనుక ఏటా జాబితా ముసాయిదా రాగానే ఒక శుక్రవారం నమాజు తరువాత మస్జిద్ వరండాలో దాన్ని చదవండి. పాత జాబితాల్లో మీ తల్లిదండ్రుల పేర్లున్న పేజీలను ప్రింటు తీసి ఆ ట్రంకు పెట్టెలోనే పెట్టండి.

ఇక చివరి సంగతి, అన్నిటికంటె బరువైనది. కార్యాలయంలో బల్ల అవతల ఉన్న గుమస్తాను కాగితం అడగడం ఒక ఎత్తు. రాత్రి పదకొండు గంటలకు నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆపిన పోలీసును అడగడం మరొక ఎత్తు.

2021 మే నెలలో లాక్‌డౌన్ రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమన్నారు. ఆయన తీయలేదు. అయినా ఫోటో తీశారు. నా ఫోటో ఏ చట్టం కింద తీశారు, ఎక్కడ దాచారు, ఎవరు చూస్తారు అని ఆయన పోలీసు కమిషనరుకు లీగల్ నోటీసు పంపారు. జవాబు రాలేదు. ముఖాలను గుర్తుపట్టే యంత్ర పరిజ్ఞానాన్ని సవాలు చేస్తూ వేసిన ఆ వ్యాజ్యంలో 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఒక్క మనిషి, ఒక్క ఫోటో. అడగడం వల్లనే అది రాష్ట్రమంతటి ప్రశ్న అయింది.

దారిన పోయే పౌరుడు ఎల్లవేళలా గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలనే సాధారణ చట్టం మన దేశంలో లేదు. బండి నడిపేవారు లైసెన్సు చూపాలి, అది వేరు. పోలీసు అధికారి పేరు, చిరునామా అడిగితే నిజం చెప్పండి. అబద్ధపు పేరు చెప్పడం, పరుగెత్తడం రెండూ లేని నేరాన్ని నెత్తిన వేసుకోవడమే. గొంతు పెంచకండి. కానీ గుర్తుంచుకోండి, అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనబడేలా ధరించాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఈ నియమం, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 36వ సెక్షనుగా ఉంది. అరెస్టు మెమో అక్కడికక్కడే రాయాలి, దాని మీద కుటుంబ సభ్యుడో పేటలోని ఒక గౌరవనీయుడో సాక్షిగా సంతకం చేయాలి. ఇంటివారికి కబురు చేయాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అరెస్టుకు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని కేసులకూ వర్తింపజేసింది. సాక్షులుగా విచారించడానికి స్త్రీలను, 15 ఏళ్ళలోపు పిల్లలను, 60 ఏళ్ళు పైబడినవారిని ఠాణాకు పిలిపించరాదు, ఇంటి వద్దకే రావాలి. అమ్మలారా, 179వ సెక్షను. ఈ అంకె ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

వెనుక వరుసలో ఎవరో తల అడ్డంగా ఊపుతున్నారు. ‘వకీల్ సాబ్, ఇవన్నీ అడిగితే చెంప పగులుతుంది’ అన్నది వారి భావమని నాకు అర్థమైంది. వారి మాట కాదనను. తోపుడుబండి మీద అరటిపళ్ళు అమ్మే మనిషి ఒంటరిగా నిలబడి ‘మీ పేరేమిటి సార్’ అని అడగలేడు. అందుకే అడిగే పని అతని ఒక్కడి మీద వదలకూడదు. అరెస్టు మెమో మీద సంతకం చేయవలసిన ‘పేటలోని గౌరవనీయుడు’ ఎవరు? మస్జిద్ సదర్ సాబ్ కావచ్చు, మన పక్కనే ఉన్న బడిపంతులు కావచ్చు, ఆయన ముస్లిమే కానక్కరలేదు. ఠాణాకు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళి మర్యాదగా అడిగినప్పుడు తీరు మారడం నేను పలుమార్లు చూశాను. అందరు అధికారులూ ఒకటే అనడం కూడా అన్యాయం. దరఖాస్తు తీసుకొని ముద్ర వేసి రెండో ప్రతి చేతికిచ్చే ఉద్యోగులు నేటికీ ఎందరో ఉన్నారు. ఇవ్వనివారికి రిజిస్టరు పోస్టు ఉన్నది, 2005 సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల గడువు ఉన్నది.

కాగితం లేనప్పుడు ఏమవుతుందో ఈ రాష్ట్రాల ముస్లింలకు ఒకరు చెప్పనక్కరలేదు. 2007 మే 18న మక్కా మస్జిద్‌లో పేలుడు జరిగింది. మన బిడ్డలే చనిపోయారు, మన బిడ్డలనే పట్టుకుపోయారు. వారు నిర్దోషులని తేలాక, జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసు మీద అప్పటి ప్రభుత్వం 20 మందికి 3 లక్షల రూపాయల చొప్పున, మరో 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ప్రకటించింది. వారి సత్ప్రవర్తనను ధృవీకరిస్తూ పత్రాలు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది. ఆలోచించండి, ఈ దేశంలో కోట్లాది మంది యువకులు ఉన్నారు. తాము మంచివాళ్ళమని ప్రభుత్వ ముద్రతో కాగితం జేబులో పెట్టుకొని ఉద్యోగం అడగవలసి వచ్చింది మాత్రం ఆ కొద్దిమందే. అది కూడా ఒక గుర్తింపు కార్డే. అటువంటి కార్డు మన జాబితాలో మరెవరికీ ఉండకూడదు.

లావాదేవీలను రాసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ మనకు చెబుతున్నది. కిరాణా కొట్టులో పాటించే ఆ క్రమశిక్షణను కార్యాలయం గుమ్మం వద్ద ఎందుకు వదిలివేస్తున్నామో నాకు అర్థం కాదు.

సమయం మించిపోయింది, అసర్ నమాజుకు పది నిమిషాలే ఉన్నది. నమాజు తరువాత ఈ హాలు బయట రెండు బల్లలు వేస్తున్నారు. ఒకచోట డిగ్రీ చదువుతున్న మన పిల్లలు మీ కార్డుల్లో పేర్లను పోల్చి, తేడాలను ఒక కాగితం మీద రాసి ఇస్తారు. రెండవచోట నేనుంటాను. నోటీసులు, రద్దయిన రేషన్ కార్డులు, తిరస్కరించిన దరఖాస్తులు ఉన్నవారు అక్కడికి రండి. జిరాక్సు కాపీలు మాత్రమే ఇవ్వండి, అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వవద్దు, నా చేతికి కూడా. తిరస్కరణ నోటిమాటగా జరిగినవారు, ఏ రోజున, ఏ కార్యాలయంలో, ఎన్ని గంటలకు, ఎవరు ఆ మాట అన్నారో గుర్తుచేసుకుంటూ రండి. అక్కడే దరఖాస్తు రాద్దాం, రేపు ఉదయం ఇద్దరు తోడు వస్తారు.

వస్సలాం.